లూగర్ నుంచి మకరోవ్ దాకా: పిస్టల్ ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్న ఒక ఎన్‌సీసీ క్యాడెట్ రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది: "లూగర్, కోల్ట్ 1911, బ్రౌనింగ్ హైపవర్, టోకరెవ్, మకరోవ్. ఈ పాత సైనిక పిస్టళ్లలో దేని డిజైన్ గొప్పది, ఏది నమ్మదగినది? వీడియోలలో బురదలో ముంచి తీసి పేల్చి చూపిస్తున్నారు, అసలు పరీక్ష అదేనా?" రెండోది: "మా తాతగారు ఈమధ్యే పోయారు. ఆయన పేర లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఇంట్లోనే ఉంది. దాన్ని ఏం చేయాలి?"

రెండో ప్రశ్నకు వివరంగా చివర చెబుతాను. కాని తమ్ముడూ, ఆ రివాల్వర్ ఇప్పటికీ బీరువాలోనే ఉంటే ఇది పూర్తిగా చదివేదాకా కూడా ఆగవద్దు. ముందు మీ నాన్నగారితో స్టేషన్‌కు ఫోన్ చేయించు.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు మరమ్మతు చేసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నకిరేకల్ దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. పిస్టల్ కాల్చేవాడికి తన చేతిలో ఉన్న ఒక్కటే తెలుస్తుంది. ఆర్మరర్‌కు కోత్‌లో (ఆయుధాల గదిలో) వరసగా ఉన్నవన్నీ తెలుస్తాయి. ఏది ఎందుకు తిరిగివచ్చిందో, ఏ భాగం మార్చాల్సి వచ్చిందో రిజిస్టర్‌లో ఉంటుంది. నా అభిప్రాయాలు ఆ రిజిస్టర్ నేర్పినవి. గురి చూసి కాల్చడంలో నిపుణుడైనవాడు ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పవచ్చు, అతని లెక్క అతనిది.

"ఆగిపోయింది సార్" అని నా బల్ల మీదకు వచ్చిన పిస్టళ్లలో ఎక్కువ వాటికి జబ్బు పిస్టల్‌లో లేదు, మ్యాగజైన్‌లో ఉంది. మ్యాగజైన్ అంటే పలచటి రేకు పెట్టె, అందులో ఒక స్ప్రింగు, దాని మీద తూటాలను పైకి నెట్టే చిన్న పలక. పై అంచున రేకు రెండు వైపులా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపులను పెదవులంటాం. తూటా ముక్కు ఏ కోణంలో పైకి లేచి ఉండాలో, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) నెట్టినప్పుడు ఏ క్షణంలో దాన్ని వదిలిపెట్టాలో తేల్చేది ఈ పెదవులే. మ్యాగజైన్ మార్చేటప్పుడు జవాను చేతిలోంచి అది సిమెంటు నేల మీద పడిందనుకో. ఒక పెదవి వెంట్రుకవాసి నొక్కుకుపోతుంది. అతను దులిపి మళ్ళీ పెట్టుకుంటాడు. ఆ తర్వాత తూటా ముక్కు కాస్త కిందికి వాలి, ఛాంబర్ (తూటా పేలే గది) అంచుకు గుచ్చుకుని నిలిచిపోతుంది. నింద పిస్టల్ మీద పడుతుంది.

దీన్ని కనిపెట్టే పద్ధతి చెబుతాను. మ్యాగజైన్ నిండా డ్రిల్ తూటాలు, అంటే మందు లేని నమూనాలు నింపుతాం. పై తూటా వీపును బొటనవేలితో లోపలికి నొక్కి వదలాలి. అది చటుక్కున పైకి వచ్చి రెండు పెదవులకూ ఒకేలా ఆనాలి. నెమ్మదిగా వస్తే స్ప్రింగు అలసిపోయింది, లేదా లోపల మట్టి చేరింది. ఒక పక్కకు ఒరిగితే పెదవి వంగింది. తర్వాత కిటికీ వెలుతురుకు ఎత్తి వెనక వైపు నుంచి చూస్తే, తూటాకూ రేకుకూ మధ్య సందు ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత అన్నది కంటికే తెలిసిపోతుంది. ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింటుతో ఒక అంకె వేసి, ఆగిన ప్రతిసారీ ఆ అంకెను రాసిపెట్టించేవాణ్ని. కొద్ది రోజుల్లోనే అవే రెండు మూడు అంకెలు మళ్ళీ మళ్ళీ కనిపించేవి. వాటిని పక్కన పెడితే కంపెనీ మొత్తం పిస్టళ్లు "బాగుపడేవి".

అందుకే ఏ పాత పిస్టల్ డిజైన్‌ను చూసినా నేను మొదట అడిగేది ఒకటే: తూటాను పట్టుకునే పని ఎవరికి అప్పగించారు?

ఈ ప్రశ్నకు నన్ను ఆశ్చర్యపరిచిన జవాబు టోకరెవ్‌ది. ఫ్యోదర్ టోకరెవ్ 1930లో తెచ్చిన పిస్టల్‌ను 1933లో సరళం చేశారు, అదే టీటీ-33. మూలసూత్రం అమెరికా ఇంజనీరు జాన్ బ్రౌనింగ్‌దే. టోకరెవ్ దాన్ని మామూలు కార్ఖానాలో, మామూలు పనివాడు లక్షల సంఖ్యలో చేయగలిగేలా మళ్ళీ ఆలోచించాడు. హ్యామర్ (పేల్చే సుత్తి), దాన్ని పట్టి ఉంచే సియర్ అనే మీట, వాటి స్ప్రింగులు అన్నీ ఒకే దిమ్మెలో ఉంటాయి. స్లైడ్ తీసేశాక ఆ దిమ్మెను వేళ్లతో పైకి లాగితే మొత్తంగా చేతికి వచ్చేస్తుంది. బురద పడితే కడిగి ఆరబెట్టి తిరిగి దించడమే. తూటాకు దారి చూపే పెదవులను ఆ దిమ్మెలోనే గట్టి ఉక్కులో చెక్కాడు. రేకు మ్యాగజైన్ కాస్త సొట్టపడినా తూటా దారి తప్పదు. బ్యారెల్‌ను స్లైడ్‌కు బిగించే కట్టులను పైభాగంలో మాత్రమే మిల్లింగ్ చేయకుండా బ్యారెల్ చుట్టూ ఉంగరాల్లా పెట్టాడు. అప్పుడు ఆ పని లేత్ మీద తేలిగ్గా అయిపోతుంది. పట్టు (చేతిపిడి) పలకలకు స్క్రూలు లేవు, లోపలి నుంచి ఒక మడతమీట తిప్పితే ఊడివస్తాయి.

కాశ్మీర్‌లో పనిచేసినప్పుడు పట్టుబడిన పిస్టళ్లలో దీని చైనా కాపీలు వచ్చేవి. పట్టు మీద నక్షత్రం గుర్తు ఉంటుంది. మట్టిలో పాతిపెట్టి తీసినవి, పైపూత మొత్తం పోయి తుప్పు తేలినవి ఉండేవి. అలాంటివాటిలో కూడా స్లైడ్ వెనక్కి లాగి వదిలితే డ్రిల్ తూటా నేరుగా ఛాంబర్‌లోకి వెళ్ళేది. శత్రువు ఆయుధమని నాకు ప్రేమేమీ లేదు. కాని అది గీసిన మనిషికి ఆర్మరర్ కష్టం తెలుసని ఒప్పుకోవాలి. లోపం కూడా అంత పెద్దదే. దానికి విడిగా సేఫ్టీ మీట లేదు. హ్యామర్‌ను సగం దగ్గర నిలిపే గాడి ఒక్కటే రక్షణ. ఛాంబర్‌లో తూటా ఉంచుకుని దీన్ని నడుముకు పెట్టుకోవడం తెలివైన పని కాదు. పట్టు దాదాపు నిటారుగా ఉంటుంది కనుక చేతికి కూడా అంత హాయిగా ఉండదు.

ఇప్పుడు లూగర్. నువ్వు దాని పేరు మొదట రాశావు. చాలామంది అలాగే రాస్తారు, ఎందుకంటే దాని అందం అలాంటిది. హ్యూగో బోర్చార్ట్ 1893లో చేసిన పెద్ద పిస్టల్‌ను గెయోర్గ్ లూగర్ కుదించి, పట్టు ఒంపు సరిచేశాడు. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం తీసుకున్నాయి. ఈనాడు ప్రపంచమంతా వాడే 9 ఎంఎం పారాబెల్లమ్ తూటా ఈ పిస్టల్‌తో పుట్టినదే. లూగర్‌కు దక్కాల్సిన గౌరవంలో సగం ఆ తూటాదని నేనంటాను.

తూటా పేలే క్షణంలో వెనక తలుపును మూసి ఉంచే దాని తాళం మోకాలిలా పనిచేస్తుంది. కాలు చాపి నిలబడితే మోకాలు ఎంత బరువైనా మోస్తుంది. వెనక నుంచి కాస్త తడితే మడుచుకుంటుంది. లూగర్‌లో రెండు కడ్డీలు ఒక కీలు దగ్గర కలిసి తిన్నగా ఉన్నంతసేపు వెనక తలుపు మూసుకుని ఉంటుంది. తూటా పేలగానే బ్యారెల్, ఆ కీలు కలిసి కొంచెం వెనక్కి జరుగుతాయి. కీలు గుండీలు ఫ్రేము (కింది చట్రం) మీది ఏటవాలుకు తగిలి పైకి మడుచుకుంటాయి, ఖాళీ కేసు, అంటే పేలిన తూటా గొట్టం, బయటపడుతుంది. చూడటానికి ఇంతకంటే అందమైన కదలిక ఏ పిస్టల్‌లోనూ లేదు. కాని ఆ మడత సరిగ్గా పడాలంటే తూటాలో మందు బలం సరిగ్గా ఉండాలి. బలం తగ్గితే కీలు పూర్తిగా మడవదు, ఖాళీ కేసు మధ్యలో ఇరుక్కుంటుంది. యుద్ధకాలంలో ఒక్కో కార్ఖానా నుంచి ఒక్కో నాణ్యతతో వచ్చే తూటాలతో ఇది పెద్ద ఇబ్బంది. మ్యాగజైన్ బాగా ఏటవాలుగా ఉండటం, కీలు వేగంగా మూసుకోవడం వల్ల తూటాలను సమయానికి పైకి తెచ్చేందుకు గట్టి స్ప్రింగు కావాలి. అది నీరసిస్తే అక్కడా ఆటంకమే.

నన్ను ఎక్కువ బాధించేవి వేరే రెండున్నాయి. ఒకటి, ట్రిగ్గర్. వేలి కదలిక నేరుగా వెనక్కి వెళ్ళదు. పక్క పలకలోని ఒక మీట ద్వారా అడ్డంగా తిరిగి, బయటికి కనిపించే ఒక పొడవాటి కడ్డీని నొక్కుతుంది. ఆ పలకను ఒక్కో పిస్టల్‌కు చేత్తో సరిచూసి అమర్చాలి. పైభాగం ఫ్రేము నుంచి ఊడి చేతిలో ఉన్నప్పుడు కూడా, ఛాంబర్‌లో తూటా మిగిలి ఉంటే, ఆ కడ్డీని నొక్కితే పేలుతుంది. సైన్యం చేతికిచ్చే ఆయుధంలో అలాంటి అవకాశం ఉండకూడదు. (జపాన్ టైప్ 94లోనూ ఇదే తప్పు, ఇంకా దారుణంగా: పూర్తిగా అమర్చి ఉన్న పిస్టల్‌నే పక్కనుంచి నొక్కితే పేలుతుంది. దాన్ని ఏ సైన్యం ఎలా ఒప్పుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

రెండోది విడిభాగాలు. మా రెజిమెంట్ మెస్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి లూగర్ ఒకటి అద్దాల పెట్టెలో ఉండేది. ఏటా ఒకసారి తీసి నూనె రాసే పని నాదే. దాని భాగాలు విప్పి తెల్లగుడ్డ మీద పరిస్తే, వేలిగోరంత ముక్క మీద కూడా రెండంకెలు చెక్కి ఉంటాయి. అవి పిస్టల్ నంబరులోని చివరి రెండు అంకెలు. ఆ భాగం ఆ పిస్టల్‌కే చెందుతుందని అర్థం. పనితనానికి అది గొప్ప నిదర్శనం, చేతులెత్తి నమస్కరించాలి. కాని యుద్ధంలో ఒక ముక్క విరిగితే ఆర్మరర్ పెట్టెలోంచి కొత్తది తీసి పెట్టగానే పని అయిపోవాలి. ఆకురాయి పట్టుకుని కూర్చునే తీరిక అక్కడ ఉండదు. జర్మన్ సైన్యానికీ ఇది తెలుసు, అందుకే 1938లో వాల్టర్ కంపెనీ పీ38 పిస్టల్‌ను తీసుకుంది.

దీనికి పూర్తి విరుద్ధం కోల్ట్ 1911. బ్రౌనింగ్ గీసిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. అంతకు ముందు జరిగిన పరీక్షలో ఒకే పిస్టల్‌తో 6,000 తూటాలు కాల్చారు. కాలిపోయేంత వేడెక్కితే నీళ్లలో ముంచి చల్లార్చి మళ్ళీ కాల్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ అదే పరీక్షలో 37 సార్లు ఆగింది. తాళం చాలా సూటిగా ఉంటుంది. బ్యారెల్ పైన ఉన్న గట్లు స్లైడ్ లోపలి గాడుల్లో కూర్చుని ఉంటాయి. రెండూ కలిసి కొంత వెనక్కి జరిగాక బ్యారెల్ వెనక చివర ఒక చిన్న లంకె మీద కిందికి దిగుతుంది, స్లైడ్ ఒక్కటే మిగతా దూరం వెళ్ళివస్తుంది. దాదాపు 15 గ్రాముల బరువుండే .45 గుండును ఇది నెమ్మదిగా, నిబ్బరంగా పంపుతుంది.

ఆర్మరర్‌గా నేను 1911కు మొక్కేది ఇంకో కారణంతో. రెండో ప్రపంచ యుద్ధంలో దీన్ని కోల్ట్ ఒక్కటే చేయలేదు. టైపురైటర్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్ చేసింది, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ చేసింది, కుట్టుమిషన్ల సింగర్ కూడా 500 చేసింది. ఒక కంపెనీ స్లైడ్ ఇంకో కంపెనీ ఫ్రేముకు ఎక్కాలన్నదే ఆ ఒప్పందాల ఉద్దేశం. భాగాలు చేత్తో సరిచేయనక్కరలేకుండా మారేంత వెసులుబాటు కొలతల్లో వదిలారు. ఆ వెసులుబాటే దాన్ని దుమ్ములో బతికించింది. ఇప్పుడు పోటీల కోసం బిగుతుగా చేసే కొత్త 1911లు తరచూ ఆగుతున్నాయని వింటున్నావు కదా. అవి ఆ పాత సైనిక కొలతలు పాటించినవి కావు. ఆ మచ్చ మూల డిజైన్‌కు అంటించకూడదు. అయినా దీనిలో నాకు నచ్చనివి ఉన్నాయి: మ్యాగజైన్‌లో ఏడే తూటాలు, దాదాపు 1.1 కిలోల బరువు, విప్పేటప్పుడు ముందున్న స్ప్రింగు మూత చేయిజారితే ఎగిరిపోవడం. అమెరికా సైన్యం 1985లో బెరెట్టా పిస్టల్‌కు మారేదాకా దీన్నే ప్రధాన పిస్టల్‌గా ఉంచిందంటే మిగతా గుణాలు ఎంత బలమైనవో అర్థం చేసుకో.

బ్రౌనింగ్ 1926లో మరణించాడు. అప్పటికి మొదలుపెట్టిన ఇంకో పిస్టల్‌ను బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో అతని శిష్యుడు ద్యుదొనె సేవ్ పూర్తి చేశాడు. 1935లో వచ్చిన హైపవర్ అదే. మనవాళ్లకు అన్నిటికన్నా దగ్గరిది కూడా ఇదే. యుద్ధకాలంలో కెనడాలోని టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ దీన్ని తయారుచేసింది. ఆ నమూనాను అనుసరించి మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసినదే మన సైన్యం నడుముకు కట్టుకున్న పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ. నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్ళింది ఇదే కనుక దీని గురించి నిక్కచ్చిగా చెప్పగలను.

సేవ్ చేసిన పెద్ద పని మ్యాగజైన్. 13 తూటాలను రెండు వరసల్లో అడ్డంగా సర్ది, పైకి వచ్చేసరికి ఒకే వరసగా కలిపాడు. అయినా పట్టు చేతికి లావుగా అనిపించదు. ఇప్పటి పిస్టళ్లన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. 1911లోని చిన్న లంకె ఇందులో లేదు. దాని బదులు బ్యారెల్ కిందనే ఒక వంపు గాడి చెక్కారు. విడిగా కదిలే ముక్క లేదు కనుక అరిగి విరిగేది కూడా లేదు. ముందు మూత కూడా లేదు. విప్పడం, కడగడం కొత్త జవానుకు ఒక్క పూటలో వస్తుంది.

తప్పులు కూడా చెప్పాలి. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఒక అడ్డు పెట్టారు. భద్రత కోసం ఫ్రెంచ్ సైన్యం కోరిన ఏర్పాటది. దాని వల్ల ట్రిగ్గర్ లాగినప్పుడు ఆ అడ్డు మ్యాగజైన్‌కు రాసుకుంటూ కదులుతుంది, వేలికి గరుకుగా తగులుతుంది. మ్యాగజైన్ దానంతట అది జారి పడదు, చేత్తో లాగాలి. పాత నమూనాల సేఫ్టీ మీట మరీ చిన్నది. చెమట పట్టిన బొటనవేలికి దొరకదు. పెద్ద చేతులవాళ్లకు హ్యామర్ వెనక్కి వచ్చి బొటనవేలి మొదట్లో చర్మాన్ని కొరుకుతుంది. ఈ ఫిర్యాదులు ఏ బెటాలియన్‌లోనైనా వినిపిస్తాయి. వాటిలో ఏదీ తూటా పేలకుండా ఆపేది కాదు. నేను ఈ పిస్టల్‌ను నమ్మడానికి అదే ఆధారం.

పీ38 గురించి రెండు మాటలు చాలు. మొదటి తూటాకు ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ లేచి పడే పద్ధతిని శక్తిమంతమైన సైనిక పిస్టల్‌లోకి తెచ్చిన ఘనత దానిది. బ్యారెల్ కింద దిగే దిమ్మె తాళాన్ని తర్వాత బెరెట్టా 92 తీసుకుంది. స్లైడ్ పైన బిగించిన పలచటి మూత కొన్నిసార్లు ఊడి ఎగిరిపోవడం దాని బలహీనత. మౌజర్ సీ96 అనే పాత జర్మన్ పిస్టల్ గురించి కూడా నువ్వు అడగకుండానే చెబుతున్నాను, ఎందుకంటే యంత్రపనిలో దానికి సాటి లేదు: పట్టు పలకల స్క్రూ తప్ప ఇంకో స్క్రూ లేకుండా భాగాలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిలబడతాయి. విప్పి చూడటం పండుగే, కాని బురదలో కూర్చున్న జవానుకు ఆ పండుగ వద్దు.

మకరోవ్‌ను నేను ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో ఆఫ్రికా వెళ్ళినప్పుడు దగ్గరగా చూశాను. 1951లో సోవియట్ సైన్యం స్వీకరించింది. దీని తూటా 9×18, మన 9×19 (పారాబెల్లమ్) కంటే బలహీనం. అందుకే దీనికి తాళమే లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలం కలిసి ఆ పేలుడును ఆపుతాయి. బ్యారెల్ ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటుంది. ట్రిగ్గర్ గార్డును కిందికి లాగి పక్కకు ఆనించి, స్లైడ్‌ను వెనక్కి లాగి ఎత్తితే విప్పడం అయిపోయినట్టే. నన్ను ఆపి చూసేలా చేసింది దాని పట్టులోని వెడల్పాటి పట్టీ స్ప్రింగు. హ్యామర్‌ను కొట్టేది అదే. అందులోంచి చీలిన సన్నని పాయ ట్రిగ్గర్ కడ్డీని నెడుతుంది. కింది కొస వంగి మ్యాగజైన్‌ను పట్టుకునే కొక్కెం అవుతుంది. మిగతా పిస్టళ్లలో మూడు నాలుగు ముక్కలు చేసే పని ఒకే రేకు ముక్క చేస్తోంది. స్లైడ్‌ను వెనక ఆపే మీట తోకే ఖాళీ కేసును బయటికి తన్నే పుల్ల. మొత్తం ముక్కలు 27 దాకానే. ముక్క తగ్గిన కొద్దీ పోయేది తగ్గుతుంది, తప్పుగా అమర్చే వీలు తగ్గుతుంది. నెలల తరబడి ఎవరూ ముట్టని మకరోవ్‌ను తీసి కాల్చినా పేలుతుందన్న పేరు ఉత్తినే రాలేదు. ఎనిమిది తూటాలు, తక్కువ బలం, గట్టి ట్రిగ్గర్. అది ఇచ్చే నమ్మకానికి చెల్లించే ధర ఇంతే.

ఇక బురద వీడియోలు. వాటిని చూడు, కాని అవి ఒక్క ప్రశ్నకే జవాబిస్తాయి: మట్టి లోపలికి ఎంత దూరం వెళుతుంది? ఆ ఒక్క విషయంలో లూగర్ మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. కీలు మూసి ఉన్నప్పుడు దానికి రంధ్రాలు తక్కువ. 1911లో హ్యామర్‌కూ స్లైడ్‌కూ మధ్య నోరు తెరుచుకుని ఉంటుంది, చిక్కటి బురద అక్కడ చేరితే హ్యామర్ దెబ్బ తగ్గుతుంది. అంతమాత్రాన లూగర్ 1911 కంటే నమ్మదగినదని తేల్చేస్తే పొరపాటు. తూటా నాణ్యత తగ్గితే ఏమవుతుంది, పదివేల తూటాల తర్వాత ఏది విరుగుతుంది, విరిగితే ఎంతసేపట్లో మారుతుంది, కొత్త జవాను దాన్ని తప్పుగా అమర్చగలడా? ఇవేవీ ఒక బకెట్ బురదలో తేలవు.

బురదల్లో కూడా రకాలున్నాయి. మన చెలక నేలల ఎర్రదుమ్ము ఎండాకాలంలో పిండిలా ఉంటుంది. నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో పిస్టల్ మీద రాసిన నూనె పలచబడి అంతటా పాకుతుంది, ఈ దుమ్ము దాన్ని పీల్చుకుని రుబ్బిన ముద్దలా మారుతుంది. ఆ ముద్ద ఉక్కును అరగదీస్తుంది, స్లైడ్‌ను బరువెక్కిస్తుంది. అలంపూర్ వైపు నల్లరేగడి బురద వేరు. అది తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరితే రాయిలా పట్టేస్తుంది. ఎర్రదుమ్ముకు మందు నూనె తగ్గించడం: స్లైడ్ నడిచే పట్టాల మీద సన్నని పొర చాలు, ఛాంబర్, మ్యాగజైన్ లోపల పొడిగా ఉండాలి. నల్లరేగడికి మందు వెంటనే నీళ్లతో కడిగి, చిండీతో (గుడ్డముక్కతో) తుడిచి, ఆరాక నూనె పెట్టడం. రాజస్థాన్ ఇసుకలోనూ నేను జవాన్లకు నూనె తగ్గించమనే చెప్పేవాణ్ని. ఎక్కువ నూనె రాస్తే ఆయుధం మీద ప్రేమ చూపినట్టని చాలామంది అనుకుంటారు, ఆ అలవాటు మాన్పించడమే కష్టం.

కనుక నా తీర్పు ఇది. పిస్టల్‌ను సైన్యానికిచ్చే ఆయుధంగా చూస్తే హైపవర్ మొదటిది. మంచి మ్యాగజైన్లు, సరైన తూటాలు ఇస్తే ఏళ్ల తరబడి ఆగదు, విడిభాగాలు మారతాయి, చేతికి కుదురుతుంది. పట్టించుకునే ఆర్మరర్ లేని చోట, నెలల తరబడి తుడవని చోట నాకు ఒక్కటి ఎంచుకోమంటే మకరోవ్. డిజైన్‌లో తెలివి ఎక్కడ ఎక్కువ అంటే టోకరెవ్ పెదవులు, దాని హ్యామర్ దిమ్మె. హైపవర్, టోకరెవ్‌లకు తండ్రి 1911. అది లేకుండా ఆ రెండూ లేవు. లూగర్‌ను నేను ఎంతగా ప్రేమించినా యుద్ధానికి పంపను.

ఇప్పుడు మీ తాతగారి రివాల్వర్. మా ఊరి పెద్దలు 1948 సెప్టెంబరులో కోదాడ, సూర్యాపేట మీదుగా పోలీసు చర్యకు సైన్యం వచ్చిన రోజుల గురించి చెబుతూ, అధికారుల నడుముకు క్యాన్వాస్ సంచిలో ఉన్న పొడుగు పిస్తోలును తలుచుకునేవారు. అప్పటి మన అధికారుల దగ్గర ఎక్కువగా ఉన్నవి ఎన్‌ఫీల్డ్, వెబ్లీ రివాల్వర్లే. బర్మార్ తుపాకీలో మందు దట్టించి ఒక్కసారి పేల్చడమే తెలిసిన ఊళ్లకు ఆరు తూటాల రివాల్వర్ వింతగా తోచింది. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ సామాన్య లైసెన్సుదారుల కోసం చేసే .32 రివాల్వర్ ఆ వెబ్లీ కుటుంబానిదే. పైన గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి, ఖాళీ కేసులు ఒకేసారి పైకి లేస్తాయి. మ్యాగజైన్ లేదు, తూటా బలంతో పని లేదు. ఒకటి పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ లాగితే తర్వాతది వస్తుంది. అందుకే రివాల్వర్ ఆగదని అంటారు. నిజానికి అది తక్కువసార్లు ఆగుతుంది, ఆగితే మాత్రం చేతిలో బాగుపడదు. సిలిండర్‌ను (తూటాలుండే గుండ్రటి దిమ్మెను) తిప్పే చిన్న గోరు అరిగినా, పైగొళ్లెం వదులైనా, తూటా గది బ్యారెల్‌కు ఎదురుగా సరిగ్గా నిలవదు. గుండు అంచు చెక్కుకుని పక్క సందులోంచి సీసం తునకలు ఎగురుతాయి. ఏళ్లుగా బీరువాలో ఉన్నదాన్ని పరీక్షించకుండా కాల్చడం ప్రమాదం.

చట్టం విషయానికొస్తే, లైసెన్సు మీ తాతగారి పేర ఉంది కనుక ఆయన తర్వాత అది ఇంట్లో ఉండటం చట్టబద్ధం కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. అలా జమ చేసినవారిని ఎవరూ నేరస్థులుగా చూడరు, దాచినవారికే కేసు. వారసులుగా మీ నాన్నగారు తన పేర లైసెన్సుకు జిల్లా కలెక్టరేట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి పేర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు. లైసెన్సు వద్దనుకుంటే అనుమతితో డీలర్‌కు అమ్మవచ్చు.

నువ్వు దాన్ని విప్పి చూడాలని ఉబలాటపడవద్దు. తూటాలు ఉన్నాయో లేవో కూడా నువ్వు తెరిచి చూడనక్కరలేదు, స్టేషన్‌కు ఫోన్ చేసి చెబితే తెలిసినవాళ్లు వచ్చి చూస్తారు. జమ చేసేటప్పుడు తోలు సంచి నుంచి వాళ్లతోనే బయటికి తీయించండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, నెలల్లోనే ఉక్కు మీద తుప్పు మచ్చలు వేస్తుంది. కొద్దిగా నూనె రాసి పొడి నూలుగుడ్డలో చుట్టమని అక్కడివారిని అడగండి. రసీదు మీద రివాల్వర్ నంబరు, తూటాల లెక్క, లైసెన్సు నంబరు, జమ చేసిన తేదీ నాలుగూ రాయించుకుని, దరఖాస్తుతో ఆ రసీదు నకలును జతచేయండి.